మూడోసారి

గుడ్డు వద్దన్నాడు మాలకీ.

"ఆకలి లేదు డీలియా. నువ్వు తిను."

డీలియా ఆయన మాట విననట్టే పొయ్యి తలుపు తీసి, పుల్లలకు బదులు మండించే ఎండిన పీటు మట్టిపెళ్ళ ఒకటి లోపలికి తోసి, చేతులు గౌనుకు తుడుచుకుంది. కిటికీ బయట వాన పడుతున్నదో లేదో తెలియనంత సన్నగా పడుతోంది.

"మెత్తగా ఉడికింది పెద్దాయనా. ఒక్కటేగా."

"నీకెందుకమ్మా శ్రమ? వద్దన్నానుగా."

ఈసారి ఆమె గుడ్డును కప్పులో నిలబెట్టి, చెంచాతో నెత్తిన ఒక్కటి కొట్టి, పెంకు తీసి, ఉప్పు చల్లి ఆయన ముందుకు జరిపింది. "పగలగొట్టేశాను. మీకు వద్దంటే కుక్కకు పెట్టేస్తా. ఏమంటారు?"

"కుక్కకా? ఆ వెధవకి గుడ్డొకటి తక్కువైంది! ఇలా తే."

ఎడమచేత్తో చెంచా పట్టుకుని, పెంకు గోడలు గీకి మరీ తిన్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి కుడిచెయ్యి ఒళ్ళో వేరే ఎవరిదో అన్నట్టు పడి ఉంటుంది. గడ్డం మీద కారిన పచ్చసొన తుడవబోతే తల వెనక్కి తీసుకుని, తరవాత తనే ముందుకు చాపాడు.

మాలకీ ఏదీ మొదటిసారి అడిగితే పుచ్చుకునే మనిషి కాదు. ఆ కొండవాలులో ఎవరూ కారు. మొదటి 'వద్దు' మర్యాదకు. రెండో 'వద్దు', అడిగేవాళ్ళు మనసారా అడుగుతున్నారో మాటవరసకు అడుగుతున్నారో చూడటానికి. మూడోసారి చెప్పేదే మనిషి అసలు మాట. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. ఆయన కోడలిగా వచ్చిన డీలియాకూ నేర్పలేదు. ఆమె పుట్టింటి వైపూ ఇంతే. కాకపోతే గుడ్డుకు మూడుసార్లు, టీకి మూడుసార్లు, చొక్కా మార్చడానికి మూడుసార్లు, పడుకోబెట్టడానికి మూడుసార్లు. మధ్యాహ్నమయ్యేసరికి ఆమె నాలుక ఎండిపోయేది.

ఆ రోజు నర్సు వచ్చింది.

ఈలీన్ పక్క ఊరి పిల్లే. వాళ్ళమ్మ, డీలియా అత్తగారు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. ఇదివరకు వస్తే కోటు విప్పి, పొయ్యి పక్కన కాళ్ళు చాపుకుని, ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళ నొప్పులన్నీ చెప్పి వెళ్ళేది. ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆమె ఒక్కతే అయిపోయింది. కోటు విప్పలేదు. మాలకీ మడమలు చూసింది, నడుము కింద చర్మం చూసింది. పుండ్లేమీ లేవు.

"ఎంత శుభ్రంగా ఉంచావు డీలియా! ఆసుపత్రిలో కూడా ఇలా ఉండరు."

"ఏదోలే."

"నీ నడుం ఎలా ఉంది? వంగి నడుస్తున్నావేంటి?"

"మొన్న గేటుకు రంగు వేశాను. అదే అయ్యుంటుంది. శనివారం ఇంటిపూజ మాదేగా."

ఏడాదికి రెండుసార్లు ఫాదర్ చేసే పూజ చర్చిలో కాకుండా ఊళ్ళో ఎవరో ఒకరి వంటింట్లో జరుగుతుంది. వంతు తిరిగి తిరిగి ఒక్కో ఇంటికి ఎన్నో ఏళ్ళకు వస్తుంది. వంతు వచ్చిన ఇంటికి సున్నం, కిటికీలకు రంగు, తలుపులకు కొత్త గొళ్ళాలు. ఊరంతా వస్తుంది, అన్నీ చూస్తుంది.

ఈలీన్ సంచీ సర్దుకుంటూ అంది. "అన్నట్టు, పొద్దుటిపూటలకి ఒక మనిషిని పంపే వీలొచ్చింది. స్నానం చేయించి, బట్టలు మార్చి వెళ్తుంది. ఒక్క ఇంటికే. నీకేమైనా కావాలా, లేక నెట్టుకొస్తున్నావా?"

డీలియా చెయ్యి టీ కుండ పిడి మీద ఉంది. పొద్దుటిపూట ఇంకో మనిషి. ఆయన చంకల కింద ఇంకో జత చేతులు. కెటిల్ మరిగే చప్పుడు విని కూడా లేవకుండా కూర్చోగలిగే పావుగంట.

"నాకేం, బాగానే ఉన్నా," అంది. "నాకంటే కష్టంలో ఎంతమంది లేరు!"

అని ఆగింది. టీ కుండ ఎత్తలేదు. ఈలీన్ ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో ఒక క్షణం ఈలీన్‌కు అంతా తెలుసునన్న సంగతి డీలియాకు కనిపించింది. తెలుసు, ఇంకోసారి అడగాలని తెలుసు. తరవాత ఆ చూపు కిటికీలోంచి బయట ఆపిన కారు మీదికి వెళ్ళింది.

"సరే మరి. బర్క్ వాళ్ళావిడ అడుగుతోంది, వాళ్ళకి చెప్పేస్తా. నువ్వు గట్టిదానివి."

"టీ తాగి వెళ్ళు."

"వద్దులే డీలియా."

"ఒక్క గుక్క. పోసేశాను చూడు."

"నిజంగా వద్దు," అంటూనే గుమ్మం దాటింది. కారు గేటు తిరిగి వెళ్ళేదాకా డీలియా కప్పు పట్టుకుని నిలబడింది. తరవాత ఆ టీ తనే నిలబడి తాగేసి, బక్కెట్లో నానుతున్న దుప్పటి పిండటం మొదలుపెట్టింది.

సాయంత్రం పశువుల పని ముగించుకుని డీలియా భర్త పాడ్రిక్ వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ, "నర్సు ఏమంది?" అన్నాడు.

"పొద్దున్న సాయానికి మనిషి కావాలా అంది."

"నువ్వేమన్నావు?"

"బాగానే ఉన్నామన్నా."

"బాగానే ఉన్నాంగా," అన్నాడతను, బూటులో ఇరుక్కున్న గడ్డి దులుపుతూ. మంచివాడే. ఆవు ఈనబోతోందని కళ్ళు చూసి చెప్పగలడు. డీలియా అతని పళ్ళెంలో బంగాళాదుంపలు వడ్డించి, తన పళ్ళెం పొయ్యి మీద వెచ్చగా ఉంచి, మాలకీకి టీ కావాలేమో అడగడానికి వెళ్ళింది. మొదటిసారి.

*

మర్నాడు పొరుగింటి టీజీ పింగాణీ కప్పులు తెచ్చింది. పాత దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను మోసుకొచ్చినట్టు తెచ్చింది.

"అరువు తెచ్చినవని ఎవరికీ తెలియదులే. మా ఇంట్లో జరిగినప్పుడు మీ అత్తగారి జగ్గులు నేను వాడలేదూ! ఇదేంటే, పైకప్పుకి కూడా రంగేశావా? ఫాదర్ లావిన్ పూజ చేస్తాడా, వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తాడా?"

"ఆయన చూడడు. నువ్వు చూస్తావు."

"చూస్తా మరి! నీ మొహానికి కూడా కాస్త రంగేసుకో. పిండిన గుడ్డలా ఉన్నావు." టీజీ నవ్వుతూనే ఆమెను పరీక్షగా చూసింది. "నన్నో పూట పెద్దాయన దగ్గర కూర్చోమంటావా?"

"నీకు మాత్రం పని లేదా? ఎందుకులే."

"కూర్చుంటానే, నాకేం పోయింది?"

"వద్దులే టీజీ, అన్నీ అయిపోయాయి."

టీజీ మూడోసారి నోరు తెరిచేలోపు ఫోను మోగింది. గాల్వే పట్నం నుంచి ఆడబిడ్డ కార్మెల్. వారం వారం ఆదివారం చేస్తుంది. పూజకు వస్తున్నానని చెప్పడానికి ఈసారి ముందే చేసింది.

"నాన్న ఎలా ఉన్నారు? నువ్వు దేవతవి డీలియా. నేను అందరికీ అదే చెప్తా. ఒక్క మాట చాలు, వచ్చి నాన్నని నా దగ్గరికి తీసుకెళ్ళిపోతా. తెలుసుగా?"

"తెలుసు. ఎందుకు, నీకు ఉద్యోగం."

"సరే, నీ ఇష్టం. కేక్ కొని తీసుకురానా?"

"నీకెందుకు శ్రమ, చేశాను."

"అయినా తెస్తాలే."

కేక్ సంగతి మాత్రం కార్మెల్ రెండోసారి అడక్కుండానే తేల్చేసింది. డీలియా ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి టీజీ వెళ్ళిపోయింది.

పూజకు ముందురోజు మాలకీకి స్నానం చేయించాలి. నీళ్ళు కాచి తొట్టిలో పోసి, తువ్వాలు పొయ్యి మీద వేడి చేసి, కిటికీ సందులో గుడ్డ కుక్కింది. ఆయన్ని తొట్టి అంచు మీద కూర్చోబెట్టి వీపు రుద్దింది. మెడ వెనక, చెవుల వెనక, చచ్చుబడిన చేతి వేళ్ళ సందుల్లో ఒక్కొక్కటే విడదీసి రుద్దింది. ఆయన గోడకేసి చూస్తూ, పోయిన సంత ధరల గురించి మాట్లాడుతూ ఉంటాడు. స్నానం జరుగుతున్నంతసేపూ వాళ్ళిద్దరూ ధరల గురించే మాట్లాడుకుంటారు.

లేపేటప్పుడు ఎప్పటిలాగే మోకాళ్ళు వంచి, చంకల కింద చేతులు పోనిచ్చి, "ఆఁ, ఇప్పుడు" అంది. సగం లేచాక నడుములో ఏదో పట్టేసింది. చేతులు వదల్లేదు. ఆయన బరువంతా మీదికి రాగా గోడకు చేరబడి మెల్లగా జారింది. ఇద్దరూ తడినేల మీద కూర్చుండిపోయారు. ఆయన తల ఆమె భుజం మీద, తువ్వాలు ఎటో.

ఆమె చెయ్యి చాపి తువ్వాలు లాగి ఆయన మీద కప్పింది. "దెబ్బ తగిలిందా?"

"లేదు. నీకు?"

"లేదు." లేవబోయింది. లేవలేకపోయింది.

"తొందరేముంది," అన్నాడు మాలకీ. "ఈ మూల నుంచి నేనెప్పుడూ చూడలేదు. పైకప్పుకి రంగు బాగా వేశావే."

డీలియాకు నవ్వొచ్చింది. నవ్వు మొదలై, గొంతులో ఎక్కడో దారి తప్పి, ఏడుపయింది. ఆపుకుందామని పళ్ళు బిగించింది గానీ భుజాలు ఆగలేదు. ఆ భుజం మీదే ఆయన తల ఉంది. భుజాలు ఆగాక ఆయన అడిగాడు.

"ఆ నర్సు నిన్ను ఎన్నిసార్లు అడిగింది?"

"విన్నారా?"

"చెయ్యి పోయింది గానీ చెవులు పోలేదు. ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"ఒక్కసారేనా!" ఆయన గొంతులో నిజంగా కోపం. "వాళ్ళమ్మ ఈ ఇంటికొస్తే నేను నాలుగుసార్లు బతిమాలితే గానీ కప్పు ముట్టేది కాదు. ఆవిడ కడుపున పుట్టి, ఒక్కసారా!"

పాడ్రిక్ వచ్చి ఇద్దర్నీ లేపేదాకా నేల మీదే ఉన్నారు. తొట్టిలో నీళ్ళు చల్లారాయి. "ఏమైంది?" అంటే, "కాలు జారింది," అని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

*

శనివారం పొద్దున వంటింటి బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. దాని మీద గంజి పెట్టిన తెల్లగుడ్డ, రెండు కొవ్వొత్తులు. ఫాదర్ లావిన్ చిన్నగదిలో కూర్చుని ఒక్కొక్కరు వచ్చి ఒప్పుకున్న పాపాలు విన్నాడు. పూజ జరుగుతున్నంతసేపూ మగవాళ్ళు తలుపు దగ్గర టోపీలు చేతుల్లో తిప్పుతూ నిలబడ్డారు. ఆడవాళ్ళు మోకరించి, తల వంచి, కుర్చీల కింద దుమ్ముందో లేదో చూశారు. లేదు. డీలియా మోకరిల్లినప్పుడు నడుములో మళ్ళీ పట్టేసింది. అందరూ లేచాక, కుర్చీ పట్టుకుని లేచింది.

పూజ అయిపోయిన క్షణం నుంచి ఇల్లు ఇంకోలా మారింది. కొవ్వొత్తులు పోయి పంది మాంసం ముక్కలు, సోడా రొట్టె, వెన్న, మూడు రకాల కేకులు వచ్చాయి. ఫాదర్‌కు పెద్దగదిలో మంచి కుర్చీ, మాలకీకి ఆయన పక్కన. నీలంచొక్కా, నున్నగా గీసిన గడ్డం. ప్రతి మూల నుంచీ ఒకటే రొద.

"ఇంకో ముక్క వేసుకో."

"అయ్యో, వద్దు, కడుపు పగిలేట్టుంది."

"వేసుకో, మళ్ళీ మా ఇంటికి ఎప్పుడొస్తావు?"

"వద్దంటుంటే!"

"వేసేశా, ఇంక మాట్లాడకు."

"సరే, నువ్వు వేశావు కాబట్టి."

కార్మెల్ పూజ మొదలయ్యాక వచ్చింది. ఇటుక రంగు కోటు, కొన్న కేక్, నాన్న బుగ్గ మీద ముద్దు. గదిలో ఉన్న అందర్నీ పేరుపేరునా పలకరించింది. అందరికీ ఆమె అంటే ఇష్టమే. నవ్వితే అచ్చం వాళ్ళమ్మే.

డీలియా టీ కుండ తీసుకుని పెద్దగదిలోకి వెళ్ళేసరికి ఫాదర్ లావిన్ తలెత్తి చూశాడు. "డీలియా, నువ్వు కూర్చో కాసేపు. బాగా అలిసిపోయినట్టున్నావు."

"నాకేం ఫాదర్, బాగానే ఉన్నా."

"అదిగో!" అంది కార్మెల్ అందరికీ వినబడేట్టు. "చూశారా ఫాదర్? నేను వారం వారం మొత్తుకుంటూనే ఉన్నా. నాన్నని ఓ నెల నాకు ఇచ్చెయ్యి, నువ్వు కాస్త ఊపిరి పీల్చుకో అని. ఎప్పుడంటే అప్పుడు తీసుకెళ్తా. వింటేనా!"

అందరూ తలలాడించారు. కార్మెల్ కూతురంటే అలా ఉండాలి, డీలియా కోడలంటే ఇలా ఉండాలి. ఇక డీలియా "ఎందుకులే కార్మెల్" అనాలి, ఆమె నిట్టూర్చాలి, టీ పొయ్యాలి.

"తీసుకెళ్ళు," అంది డీలియా.

టీజీ కేక్ కోస్తున్న కత్తి సగంలో ఆగింది.

"ఏంటి?" అంది కార్మెల్.

"తీసుకెళ్ళు కార్మెల్. ఇవాళే. బట్టలు ఇస్త్రీ చేసే ఉన్నాయి." గొంతు పెంచలేదు. టీ కుండకు రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది.

గదిలో ఎవరూ కప్పు కింద పెట్టలేదు. తలుపులో నిలబడ్డ పాడ్రిక్ భార్యను చూశాడు. చాలా రోజులకు చూసినట్టు చూశాడు.

"తీసుకెళ్తా, తీసుకెళ్ళకేం," అంది కార్మెల్. మెడ మీదికి ఎరుపు పాకుతోంది. "కానీ ఇవాళంటే... మా ఇంట్లో మెట్లు. కింద గదిలో మంచం వేయించాలి. పగలంతా నాన్న ఒక్కరే..." తండ్రివైపు తిరిగింది. మొహం తేటపడింది. దారి దొరికింది. "నాన్నా, మీకసలు పట్నంలో తోచదు కదూ? మీరు వస్తారా ఏంటి!"

గదంతా ఊపిరి వదిలింది. ఎనభై దాటిన ఈ వయసు దాకా మాలకీ ఎవరింట్లోనూ మొదటి పిలుపుకు టోపీ కూడా తియ్యలేదు. ఆయన మర్యాదే అందర్నీ గట్టున పడేస్తుంది.

మాలకీ ఎడమచేత్తో కప్పు సాసర్లో పెట్టాడు. సరిగ్గా కూర్చునేదాకా జరిపాడు.

"వస్తాను," అన్నాడు.

"మేరీ మాతా," అంది టీజీ మెల్లగా. "ఒక్కసారికే!"

"నాన్నా, నీకిష్టం లేకపోతే—" పాడ్రిక్ అడుగు ముందుకు వేశాడు.

"వస్తానన్నానుగా. మనిషి చేత ఒకే మాట ఎన్నిసార్లు చెప్పిస్తార్రా?"

ఫాదర్ లావిన్ దగ్గి, పాలజగ్గు కోసం చెయ్యి చాపాడు. "అయితే ఇంకేం," అన్నాడు. డీలియా ఆయన కప్పు నింపింది. ఒక్క చుక్క కింద పడలేదు.

*

మంచం మీద పెట్టె తెరిచి ఉంది. డీలియా గడ్డం గీసే కత్తి, మెత్తటి తువ్వాళ్ళు, దుప్పటి కింద పరిచే రబ్బరుగుడ్డ ఒక్కొక్కటే సర్దుతోంది. కార్మెల్ తలుపు వేసి దానికి చేరబడింది.

"అందరి ముందూ చెయ్యాలా ఆ పని?"

"అందరి ముందూ నువ్వేగా అడిగింది."

"అంత కష్టంగా ఉంటే ఫోన్లో చెప్పచ్చుగా! వారం వారం అడుగుతూనే ఉన్నాగా నేను."

"వారానికి ఒక్కసారే అడిగావు."

కార్మెల్ మంచం అంచు మీద, మడత పెట్టిన చొక్కాల పక్కన కూర్చుంది. కోటు ఇంకా విప్పలేదు. "నాకు చేతకాదు డీలియా," అంది. "ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు నాకు."

డీలియా ఆమె ముందుకొచ్చి నిలబడింది. "నువ్వే ఆయన అనుకో, అలాగే కూర్చో. చేతులు ఇలా పోనివ్వాలి. వేళ్ళు కాదు, మణికట్లు. వంగేది మోకాళ్ళ దగ్గర, నడుం దగ్గర కాదు." ఆడబిడ్డను చంకల కింద పట్టుకుని లేపింది. నడుము కలుక్కుమన్నా లేపింది. మళ్ళీ కూర్చోబెట్టి మళ్ళీ లేపింది. రెండోసారి లేచినప్పుడు కార్మెల్ ఆమెను వెంటనే వదల్లేదు.

"స్నానమప్పుడు సంత ధరలు మాట్లాడు. ఆయన మొహం చూడకు. పొద్దున గుడ్డు. వద్దంటారు."

"మా నాన్న సంగతి నాకు తెలీదా?"

"తెలుసులే."

కార్మెల్ పెట్టె మూత వేసింది. "తరవాత ఏమంటారు?" అంది.

"మళ్ళీ వద్దంటారు. నమ్మకు. ఇంకోసారి అడుగు. ఆకలితో పడుకుంటారు గానీ రెండోసారికి ఒప్పుకోరు."

వాన వెలిసింది. పాడ్రిక్, ఇంకో ఇద్దరు మగవాళ్ళు మాలకీని కుర్చీతో సహా మోసుకొచ్చి కారులో కూర్చోబెట్టారు. జనం గుమ్మంలో గుంపుగా నిలబడి, తలొకటీ చెప్పారు. దుప్పటి కప్పమని ఒకరు, కిటికీ వెయ్యమని ఒకరు. కార్మెల్ పెట్టె వెనక పెట్టిస్తోంది.

డీలియా కారులోకి వంగి, బెల్టు లాగి బిగించింది. చచ్చుబడిన చేతిని ఎత్తి ఒళ్ళో సరిగా పెట్టింది. ఆయన నుంచి సబ్బు వాసన వస్తోంది, నిన్నటి స్నానానిది.

"పెద్దాయనా," అంది వాళ్ళిద్దరికే వినబడేట్టు. "నిజంగా వెళ్తారా?"

"వెళ్తాను."

ఆయన ఎడమచెయ్యి మోకాలి మీద పంట్లాం మడత పట్టుకుని ఉంది. గట్టిగా పట్టుకుని ఉంది.

"మీకిష్టమేనా?"

"ఇష్టమే."

ఆమె ఆ చేతినే చూస్తూ, మళ్ళీ నోరు తెరిచింది.

"మూడోసారి అడగకమ్మా," అన్నాడు మాలకీ, ముందున్న దారి మీది నుంచి చూపు తిప్పకుండా.

డీలియా తలుపులో నలగకుండా ఆయన కోటు అంచు లోపలికి దోపి, తలుపు వేసింది.